పిట్టల ఇంటిపేర్లు

ఇంగ్లీషు రాతలో ఒక సుఖం ఉంది. పేరెలా పలకాలో తెలియకపోయినా రాసి పారేయొచ్చు. బి-ఎల్-వై-టి-హెచ్ అని ఐదక్షరాలు వరసగా పేరిస్తే చాలు. అది బ్లిత్తో, బ్లైతో, బ్లైదో చదివేవాడి ఖర్మ. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. గుడి పెట్టాలా, ఐత్వం పెట్టాలా, చివర తకారమా దకారమా అన్నది రాసేవాడే ముందు తేల్చుకుని చావాలి. మన లిపిలో రాయడమంటేనే పలకడం.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, ఇక్కడ సింగపూర్లో వారాంతాల్లో పిల్లలకి తెలుగు చెప్పే మిత్రుడొకాయన, ఈ ఊరి పిట్టల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో ఒకచోట పెడదామని సంకల్పించారు. (ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు మాత్రం లేదు. అందుకని మన పిల్లలకి తెలుగంటే శని, ఆదివారాల్లో అమ్మానాన్నల పోరు పడలేక నేర్చుకునేది.) కాకి, గోరింక, కొంగ, లకుముకిపిట్ట, వడ్రంగిపిట్ట పది నిమిషాల్లో అయిపోయాయి. మనుషుల ఇంటిపేర్లు తగిలించుకున్న పిట్టల దగ్గర బండి ఆగింది. నలుగురైదుగురి మధ్య ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. ఒకరేమో, పిట్టకి దాని పేరు తెలుసా పాడా, ఎలా రాస్తే ఏం అన్నారు. ఇంకొకరు, మనవాళ్ళ నోటికి ఎలా వస్తే అలా రాద్దాం, దొరల పలుకు మనకెందుకు అన్నారు. మూడో ఆయన ఇంకో అడుగు ముందుకేసి, అసలు దొరల పేర్లే మనకెందుకు, పీకేద్దాం అన్నారు.

నా మటుకు నాకు, ఎవరి ఇంటిపేరు ఎలా పలకాలో చెప్పే హక్కు ఆ ఇంటివాళ్ళది. తెలుగు అక్షరాల్లో పట్టినంత మేరకు దాన్నలాగే రాయాలి. ఇందులో దొరతనం ఏమీ లేదు, పైగా దొరతనానికి విరుగుడు ఇదే. ఎందుకో చెప్తాను.

ముందు బ్లైద్ సంగతే చూడండి. వలస కాలంలో సింగపూర్ చెట్ల మధ్య అప్పుడప్పుడు కనబడే ఒక తోకపిట్టకి 'బ్లైద్స్ పారడైజ్ ఫ్లైక్యాచర్' అని పేరు. మన తెలుగునాట శీతాకాలంలో తుమ్మల్లోనూ తోటల్లోనూ టక్కుటక్కుమనే ఒక చిన్న గోధుమరంగు పిట్ట కూడా ఈయన పేరు మీదే ఉంది. ఎడ్వర్డ్ బ్లైద్ అనే ఈ మనిషి లండన్లో మందుల కొట్టు పెట్టి, అది కలిసిరాక, 1841లో కలకత్తా వచ్చి ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో క్యూరేటరుగా చేరాడు. ఇరవయ్యేళ్ళకి పైగా అక్కడే ఉండి, ఎవరు ఏ మూల నించి ఏ పిట్ట చర్మం పంపినా దాన్ని పోల్చి, కొత్తదైతే పేరు పెట్టి అచ్చేసేవాడు. మన పిట్టలు చూసేవాళ్ళలో చాలామంది ఆయన్ని 'బ్లిత్' అంటారు. ఇంగ్లండులో ఈ ఇంటిపేరుని బ్లైద్ అనేవాళ్ళు, బ్లైత్ అనేవాళ్ళు, ఏకంగా 'బ్లై' అని ఊరుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అక్షరాలు అవే, ఇళ్ళు వేరు. ఏ ఇంట్లోనూ వినబడనిది మాత్రం మనవాళ్ళ బ్లిత్తే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జాన్ గూల్డ్ పేరుని గౌల్డ్ అని రాస్తాం. ఇక్కడి పెంపుడు పిట్టల దుకాణాల్లో రంగులపెట్టెలా ఉండే ఆ ఆస్ట్రేలియా ఫించిని 'గౌల్డియన్' అంటే అమ్మేవాడు ఒక్క క్షణం ఆగి చూస్తాడు. శ్రీలంక పిట్టల మీద పెద్ద పుస్తకం రాసిన విన్సెంట్ లెగ్ పేరు చివర జి-జి-ఇ ఉంటుంది కాబట్టి మనం లెగ్గీ చేసేస్తాం. అది ఉత్త లెగ్, కాలే. హ్యూమ్ ఒక్కడే బతికిపోయాడు. ఆయన పేరు మీద నాలుగైదు పిట్టలున్నాయి, హ్యూమ్‌ని ఎవరూ హుమే అనరు. కారణం తెలుసుగా, 1885లో కాంగ్రెస్ స్థాపించిన ఏ.ఓ. హ్యూమ్ ఆయనే, ఎనిమిదో తరగతి నాటికే మన చేత వల్లె వేయించారు. ఆయన వేల కొద్దీ పిట్ట చర్మాల సేకరణని బ్రిటిష్ మ్యూజియంకి ఇచ్చేసింది కూడా ఆ 1885లోనే అన్న సంగతి మాత్రం ఏ వాచకంలోనూ లేదు. అంటే చూశారా, ఒక్క పాఠంలో ఒక్కసారి సరిగ్గా అచ్చయితే చాలు, కోట్ల నోళ్ళు సరిగ్గా పలుకుతాయి. పిల్లల జాబితా గురించి నేనింత పట్టుదలకి పోవడానికి అదొక కారణం.

సింగపూర్లో ఎచ్‌డీబీ ఇళ్ళ మధ్య ప్రతి చెట్టు మీదా కనిపించే పచ్చటి బుల్లిపిట్ట ఒకటుంది, కంటి చుట్టూ సున్నం రాసినట్టు తెల్లటి వలయంతో. దీని ఇంగ్లీషు పేరు ఇప్పుడు 'స్విన్‌హోస్ వైట్ ఐ'. 1836లో కలకత్తాలో పుట్టి, తైవాన్లో బ్రిటిషు కాన్సులుగా పనిచేసిన రాబర్ట్ స్విన్‌హో పేరది. అక్షరాలు చూసి స్వినోయ్, స్విన్హోయే, ఇంకా ఏవేవో అంటారు. రెండు ముక్కలు, మొదటి దాని మీద బరువు, అంతే. అయితే ఇక్కడ పంజరాల్లో ఈ పిట్టని పెంచి పాటల పోటీలు పెట్టే పెద్దాయనలెవరూ స్విన్‌హో జోలికే పోరు. ఆంగ్ మో కియో దగ్గర కెబున్ బారులో పొడుగాటి స్తంభాలకి పంజరాలు ఎగరేసి, కింద కాఫీ తాగుతూ వింటుంటారు చూడండి, వాళ్ళకిది 'మాతా పుతే'. మలయ్‌లో మాతా అంటే కన్ను, పుతే అంటే తెలుపు. (మొదటిసారి విన్న తెలుగువాడెవడైనా భక్తితో చెయ్యెత్తి దణ్ణం పెట్టేలా ఉంటుంది.) తెలుగు జాబితాలో 'తెల్లకంటి పిట్ట' అని రాసి, పక్కన స్విన్‌హో పేరు పెడితే చాలని నా అభిప్రాయం.

వాన్ హాసెల్ట్ దగ్గర మాత్రం నేను కాస్త మెత్తబడతాను. అడవి అంచుల్లో కనబడే ఒక తేనెపిట్టకి ఆయన పేరుంది. యోహాన్ వాన్ హాసెల్ట్ డచ్చివాడు. జావాకి జంతువుల మీద పరిశోధనకి వచ్చి 1823లో అక్కడే పోయాడు, అప్పటికి ఇరవయ్యారేళ్ళు. డచ్చివాళ్ళు 'వాన్' అని మనలా అనరు, 'ఫన్' కి దగ్గరగా అంటారు. ఇరవయ్యారేళ్ళకే పోయిన కుర్రాడికి ఈ లోకంలో మిగిలింది కొన్ని నోట్సులూ, కొన్ని జీవాల మీద ఒక పేరూను. ఆ పేరుని కూడా మనిష్టం వచ్చినట్టు నమిలేస్తే ఏం బావుంటుంది?

పిట్టకేం తెలుసు అన్న ఆయనకి ఇక్కడే నా జవాబు. పిట్టకి ఏమీ తెలియదు, నిజమే. ఇంటిపేరు పిట్టది కాదుగా మరి, మనిషిది.

ఇక సింగపూర్లో ఉంటూ ఇంటిపేర్ల విషయంలో అశ్రద్ధ చూపడం మనకసలు తగదు. ఇక్కడి చీనా వాళ్ళకి మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది. ఒకే అక్షరాన్ని హొక్కియెన్ ఇంట్లో 'తాన్' అంటారు, కాంటనీస్ ఇంట్లో 'చాన్', మాండరిన్లో 'చెన్'. రాతలో ఒకటే, అయినా తాన్‌ని పట్టుకుని చాన్ గారూ అంటే ఆయన పలకడు. ఎన్-జి అని రెండే హల్లులతో రాసే ఇంటిపేరు చూసి మనవాళ్ళు వచ్చిన కొత్తలో తెల్లమొహం వేస్తారు. ఎన్జీ అంటారు, నంగ్ అంటారు. అది అచ్చంగా మన 'ఙ'. ఓనమాలు దిద్దినప్పుడు తప్ప జన్మలో వాడని అక్షరం, ఇక్కడ లక్షణంగా ఒక పూర్తి ఇంటిపేరు. క్లయింటు దగ్గర మొదటి రోజే మిస్టర్ ఙ్‌ని సరిగ్గా పిలిచిన తెలుగువాడికి కలిగే మర్యాద వేరు, నా కళ్ళతో చూశాను. అదే మనిషి మన తాళ్ళూరిని 'థాల్యూరి' అనకుండా ఉండటానికి రెండు రోజులు ప్రయత్నిస్తాడు కూడా. ఇచ్చిపుచ్చుకోవడం.

ఇచ్చిపుచ్చుకోవడం అన్నాను కాబట్టి, మనం ఇచ్చిన మాట గురించి కూడా చెప్పాలి. పిట్టలు చూసేవాళ్ళ ప్రపంచంలో 'పిట్ట' అంటే ఒక ప్రత్యేకమైన జాతి అని మీలో ఎంతమందికి తెలుసో. పొట్టితోకతో, నేల మీద గెంతుతూ, ఆకులు తిరగేస్తూ తిరిగే రంగురంగుల పిట్టలవి. మనకి వానాకాలంలో వచ్చే పొన్నంగి పిట్ట ఆ జాతిదే. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ జాతికి శాస్త్రీయనామంగా మన తెలుగు మాటనే పెట్టాడు, పిట్ట అని. (ఆయన ఇంటిపేరు రాతలో ఎనిమిదక్షరాలు, నోట్లో ఒకటిన్నర.) సింగపూర్లో మడ అడవుల పిట్ట ఉంది, పాసిర్ రిస్‌లో కనబడితే చాలు, ఫిరంగుల్లాంటి లెన్సులతో తాతయ్యలు వరసకట్టి నించుంటారు. నీలిరెక్కల పిట్ట, టోపీ పిట్ట వలసల్లో రాత్రిపూట వచ్చి అద్దాల మేడలకి గుద్దుకుని కిందపడుతుంటాయి పాపం. వీటన్నిటినీ ఇక్కడివాళ్ళు 'పిటా' అంటారు, ఇంచుమించు రొట్టె పేరులా. ట వత్తు ఎగిరిపోయింది. ఆ గుంపులో ఎవరైనా తెలుగువాడుంటే ఒకసారి వత్తి పలికి చూపించండి. ఇది మా భాషలో మాట, అర్థం 'పక్షి' అనే, అని చెప్పండి. వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి, వెంటనే నాలుగుసార్లు 'పిట్ట, పిట్ట' అని అనుకుంటారు. మన టకారాన్ని వత్తమని వాళ్ళకి చెప్పి, వాళ్ళ బ్లైద్‌ని మాత్రం మనం బ్లిత్ చేస్తామంటే ఎలా?

సొంత దేశం వాళ్ళ పేర్లన్నా సరిగ్గా అంటామా అంటే అదీ లేదు. పిట్టల తాతగారు సాలిం అలీ తన పేరులో మొదటి 'ఎ' మీద ఒక చిన్న గీత గీసి రాసుకునేవారు, పుస్తకాల మీద కూడా అలాగే అచ్చయ్యేది. అది సోకు కోసం కాదు, దీర్ఘం అక్కడుందని చెప్పడానికి. సాలిం. మన పేపర్లన్నీ 'సలీం అలీ' అని దీర్ఘాన్ని పక్క అక్షరానికి జరిపేశాయి. 1930లలో నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాద్ సంస్థానం పిట్టల లెక్క రాసిపెట్టిన మనిషికి తెలుగువాళ్ళం చేసిన మర్యాద అది. మనిషి స్వయంగా గీత గీసి మరీ చెప్పినా వినకపోతే ఎవరేం చేస్తారు.

ఇంకొకటి. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద ఒక బూజు జాతికి 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టారు, 1953లో, ఆయన పోయిన ఐదేళ్ళకి. భీమవరంలో పుట్టిన మనిషి పేరు శాస్త్రీయనామాల్లో చేరడం ఆనందమే. కానీ గమనించారా, వాళ్ళు తీసుకున్నది ఇంటిపేరు కాదు. అమెరికాలో చివర ఉన్నదే ఇంటిపేరు కాబట్టి సుబ్బారావే ఇంటిపేరైపోయింది, యల్లాప్రగడ గల్లంతు. సింగపూర్లో అప్లికేషన్ నింపిన ప్రతి తెలుగువాడికీ ఈ బాధ తెలుసు.

ఇప్పుడు రెండో ఆయన మాటకొస్తాను. మనవాళ్ళ నోటికి ఎలా వస్తే అలా అన్నారు కదా. ఇందులో బలమైన పాయింటు ఉంది, కొట్టిపారేయలేను. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పేరుని రాయలసీమ జనం పిల్లలకి పెట్టుకున్నారు. మన్రోలప్ప, మండ్రోలయ్య. అది తప్పు ఉచ్చారణ అని ఎవడైనా అంటే వాడిని కడప ఎండలో నిలబెట్టాలి. అప్ప చేర్చి, అయ్య చేర్చి, ఇంట్లో మనిషిని చేసుకున్నారు. అలా జనం నోట్లో తరాల తరబడి నానిన పేరు జనానిది. కానీ పేపరాఫీసులో రాత్రి పదకొండు గంటలకి ఇంగ్లీషు వార్తని ఆదరాబాదరా తిప్పుతూ జెర్డన్‌ని జెర్డాన్ చేసినది జనం నోరు కాదు. అది టైపు చేసిన వేలు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి 'తెలుగుదనం' అనడం నాకు నచ్చదు.

జెర్డన్ పేరెత్తాను కాబట్టి ఆ కథ కాస్త చెప్పుకోవాలి, తెలుగువాళ్ళకి దీనికన్నా దగ్గరి పిట్ట లేదు. థామస్ కేవర్‌హిల్ జెర్డన్ కంపెనీ వారి మద్రాసు సైన్యంలో డాక్టరుగా 1836లో వచ్చాడు. మొదట గంజాం వైపు, తరువాత 1844లో నెల్లూరు సివిల్ సర్జన్. రోగుల్ని చూస్తూనే పిట్టల్నీ పాముల్నీ చేపల్నీ చీమల్నీ సేకరించాడు. 1860లలో అచ్చయిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' తీస్తే చాలా పిట్టలకి మన తెలుగు పేర్లు కూడా వరసగా ఇచ్చి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో, ఆయన చెవికి విన్నట్టు. కొన్ని చదివితే నవ్వొస్తుంది గానీ, పల్లెల్లో వేటగాళ్ళని అడిగి, విని, రాసుకున్నాడన్నది చూడండి. మన మాట మనలాగే పలకాలని ఆయన పడ్డ తాపత్రయంలో పదోవంతు ఆయన ఇంటిపేరు కోసం మనం పడొచ్చు. జెర్డన్. 'జె' మీద బరువు, 'డ' కి దీర్ఘం లేదు.

ఆయన పంపిన చర్మం చూసి 1848లో కొత్త జాతి అని ప్రకటించింది మళ్ళీ ఆ కలకత్తా బ్లైద్ గారే. 1900 ప్రాంతంలో అనంతపురం వైపు చూశారు, తరువాత ఎవరి కంటా పడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్నది భరత్ భూషణ్, రాత్రిపూట ముళ్ళపొదల్లో దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే ఊరి వేటగాడు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఈ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలవ దారి మళ్ళించారు. జెర్డన్ పేరు ఇంగ్లీషులో నిలిచింది. ఐతన్న పేరు మీద ఏ పిట్టా లేదు.

మన పేపర్లు రాసేది 'జెర్డాన్స్ కోర్సర్'. ఆ 'న్స్' ఒకటి. ఇంగ్లీషు వాడి షష్ఠీ విభక్తిని మనం పేరులో భాగం చేసి మింగేశాం, పిల్లలు ఆ డాక్టరు పేరే జెర్డాన్స్ అనుకుంటున్నారు. తెలుగుకి ఆ 'స్' అక్కర్లేదు. కాటన్ బ్యారేజీ అంటాం, కాటన్స్ బ్యారేజీ అనం. బ్రౌన్ నిఘంటువు అంటాం. పక్క పక్కన పెడితే సమాసం అదే అవుతుంది. కాబట్టి జెర్డన్ కోర్సర్, హ్యూమ్ వార్‌బ్లర్. రాఫుల్స్ అనే పేరులో 'స్' పుట్టుకతోనే ఉంది కనక అక్కడ తీసేయకూడదు. రాఫుల్స్ మల్‌కోహా అనాలి. (ఆ మల్‌కోహా సింగపూర్ నుంచి ఎప్పుడో మాయమైపోయింది. హోటలుకీ, బడికీ, ఆస్పత్రికీ, ఎమ్మార్టీ స్టేషనుకీ మాత్రం రాఫుల్స్ పేరు నిక్షేపంగా ఉంది.)

మూడో ఆయన, పేర్లే పీకేద్దామన్న ఆయన, ఒంటరివాడేం కాదు. అమెరికా పక్షిశాస్త్రవేత్తల సంఘం 2023 నవంబరులో తమ పరిధిలో మనుషుల పేర్లున్న ఇంగ్లీషు పిట్టపేర్లన్నీ మారుస్తామని ప్రకటించింది. అంతకు ముందు 2020లోనే మెక్కౌన్ అనే సైన్యాధికారి పేరు తీసేశారు, ఆయన బానిసత్వం పక్షాన యుద్ధం చేశాడని. వాళ్ళ పరిధి మన దాకా రాదు. వచ్చినా నాకేం దిగుల్లేదు. కాకపోతే తిరస్కరించేవాడు కూడా ఎవర్ని తిరస్కరిస్తున్నాడో పేరు పెట్టి చెప్పగలగాలి. సగం పలికి పారేసిన పేరుని నిరసించడంలో ఏ గొప్పా లేదు. పైగా జెర్డన్ కోర్సర్ విషయంలో మనకి ఆ గొడవే లేదు. సీమలో దాన్ని ఎప్పటినుంచో 'కలివి కోడి' అంటున్నారు, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి. తెలుగులో రాసేటప్పుడు కలివి కోడి ముందు, జెర్డన్ తరువాత. ఇదే వరస మాతా పుతేకీ, ఇదే వరస పొన్నంగి పిట్టకీ.

ఒక్క పేరు మాత్రం ఇంకా తెగలేదు. చెరువుల్లో తుంగ మధ్య నక్కి తిరిగే ఒక బుల్లి నీటికోడి ఉంది, మన వైపూ వస్తుంది, ఇక్కడి జాబితాలోనూ అరుదుగా ఉంది. ఫ్రెంచి ఇంటిపేరు. ఇంగ్లీషువాళ్ళు 'బేలన్' అంటారు, తుప్పుపట్టిన తలుపులా. ఫ్రెంచివాళ్ళు చివరి 'న' ని ముక్కులోకి లాగి వదిలేస్తారు. ఆ ముక్కుని రాయడానికి ప్రపంచంలో చాలా లిపులకి దిక్కులేదు, మనకుంది, అరసున్న. వందేళ్ళుగా పని లేక కూర్చున్న అక్షరం. 'బయోఁ' అని రాద్దామన్నాను. పదేళ్ళ పిల్లలకి అరసున్న ఎక్కడినుంచి చెప్పను, ముందు ఋత్వం రానివ్వండి అని మిత్రుడు మొత్తుకుంటున్నారు.